గిటారు విద్యలో స్త్రీలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇక్కడ కలుస్తున్నాం. 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని తేల్చిన రోజు ఇది. ఈ వేదిక మీద డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడటం రివాజు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "లెక్కలు నేను చూసుకుంటాను, మీరు ఏదైనా సాంస్కృతిక విషయం మాట్లాడండి" అన్నారు. గిటారు గురించి, అందులోనూ గిటారు వాయించిన ఆడవాళ్ళ గురించి మాట్లాడతానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నావంక చూశారు. మీలో కొందరు ఇప్పుడు అలాగే చూస్తున్నారు.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో 34 ఏళ్ళు నోట్ ఫైళ్ళు రాసినవాణ్ణి. నాకున్న సంగీత జ్ఞానమంతా రేడియో పెట్టిన భిక్ష. గిటారంటే మన తరానికి ఏమిటి? సినిమాలో హీరో మెడలో వేసుకుని, ఒక్క తీగె కూడా సరిగ్గా ముట్టకుండా పాట పూర్తిచేసే వస్తువు. నాకూ అంతకుమించి తెలియదు.

ఈ వేసవిలో మా మనవరాలు సెలవులకు వచ్చింది. ఇంటర్ చదువుతోంది. వీపున గిటారు తగిలించుకుని రైలు దిగింది. నాలుగు రోజులు చూసి, ఊరుకోలేక అడిగాను: "అమ్మడూ, ఆడపిల్లలు ఎవరైనా దీంట్లో పేరు తెచ్చుకున్నవాళ్ళున్నారా?" అది నవ్వి, "తాతయ్యా, ముందు వినండి, తర్వాత అడగండి" అని ఫోను నా చేతిలో పెట్టింది. తెరమీద ఒకావిడ కుర్చీలో కూర్చుని గిటారు వాయిస్తోంది. పాట లేదు, డోలు లేదు. కాసేపు విని, "రెండో మనిషి ఎక్కడ కూర్చున్నాడు, కనబడడేం?" అన్నాను. "రెండో మనిషి లేడు తాతయ్యా, అంతా ఆవిడే" అంది. బొటనవేలు కింది స్వరాలు మోగిస్తుంటే మిగతా మూడు వేళ్ళు పైన పాట నడిపిస్తున్నాయి. ఆ రోజు నుంచి ఒక రెండువందల పేజీల నోటు పుస్తకం పెట్టి, వింటూ, చదువుతూ, రాసుకుంటూ వచ్చాను. ఆ పుస్తకంలోంచి కొన్ని సంగతులు మీకు మనవి చేస్తాను. నేను ఈ విషయమే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర చెబుతాను.

ముందు వాయిద్యం సంగతి. నేను చెప్పేది కరెంటు గిటారు కాదు. కర్రతో చేసి, నైలాను తీగెలు కట్టి, ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో మీటే గిటారు. తీగెలు ఆరు. పూర్వం జంతువుల పేగుతో చేసిన తీగెలు ఉండేవి, నైలాను వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. వెనక పలకకూ పక్కలకూ వాడే కర్రల్లో మన దేశపు రోజ్‌వుడ్డుకు మంచి పేరు. మనవాళ్ళు ఇరుగుడు అనే చెట్టు అదే. ఎక్కడో స్పెయిన్‌లో మోగే గిటారు ఒంట్లో మన అడవి కర్ర ఉండవచ్చునన్నమాట. కుడిచేతి గోళ్ళు మీటడానికి కాస్త పెంచుకుంటారు. ఎడమచేతి గోళ్ళు మాత్రం మొదలంటా కత్తిరించుకోవాలి. లేకపోతే తీగె నొక్కడం కుదరదు.

ఈ గిటారు మూడు ఇళ్ళలో పెరిగింది. ఒకటి యూరప్ శాస్త్రీయ సంగీతం. అక్కడ రాసిన స్వరం రాసినట్టు వాయించాలి. రెండోది స్పెయిన్ దక్షిణ ప్రాంతమైన అందలూసియాలో పుట్టిన ఫ్లమెంకో. అక్కడ గిటారు పాటకూ ఆటకూ తోడు. మూడోది అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, పరాగ్వే వంటి లాటిన్ అమెరికా దేశాల సంగీతం. ఈ మూడిళ్ళలోనూ ఆడవాళ్ళు ఉన్నారు, ఎప్పటినుంచో ఉన్నారు. కానీ గిటారు చరిత్ర అనగానే ముందు మగవాళ్ళ పేర్లే వినిపిస్తాయి. రికార్డులో ఎక్కనిది జరగనట్టే లెక్క అని మనకంటే బాగా ఎవరికి తెలుసు? సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ పడకపోతే పెన్షన్‌లో ఎంత కోత పడుతుందో ఇక్కడ చాలామందికి అనుభవమే.

శాస్త్రీయ గిటారుతో మొదలుపెడతాను. మౌరో జూలియాని అని ఇటలీ దేశస్థుడు, వియన్నాలో పేరు పొందిన గిటారు విద్వాంసుడు. గిటారు నేర్చుకునే ప్రతివాళ్ళూ ఆయన పాఠాలు ఇప్పటికీ వాయిస్తారు. ఆయనకు ఎమిలియా అనే కూతురు ఉండేది. 1813లో పుట్టింది. 1828లో, అంటే పదిహేనేళ్ళ పిల్లగా, నేపుల్స్‌లో తండ్రి పక్కన కూర్చుని జంటగా కచేరీ చేసింది. మరుసటి ఏడు తండ్రి పోయాడు. ఆ పిల్ల విద్య మానలేదు. సొంతంగా కచేరీలు చేసింది, రచనలు చేసి అచ్చువేయించింది. 1850లో, నలభై నిండకుండానే పోయింది. తండ్రి పేరు అందరూ చెబుతారు, కూతురి పేరు వెతుక్కుంటే గాని దొరకదు.

లండన్‌లో మేడమ్ ప్రాటెన్ అనే ఆవిడ ఉండేది. పుట్టింటి పేరు కాథరీనా పెల్జర్. చిన్నప్పుడే లండన్ వేదికల మీద వాయించింది. పెళ్ళయ్యాక కూడా మానకుండా, 1895లో కన్నుమూసేదాకా గిటారు నేర్పుతూ, రచనలు చేస్తూ బతికింది. విక్టోరియా మహారాణి కూతురు లూయీస్ ఆమె శిష్యురాలు. అక్కడో సంగతి గమనించాను. ఆ రోజుల్లో ఇంగ్లండులో గిటారు పెద్దింటి ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని వాయించుకోదగ్గ వాయిద్యమే. అభ్యంతరం వాయిద్యానికి కాదు, గడప దాటి దానితో పేరు తెచ్చుకోవడానికి. ఈ అభ్యంతరం మనకేం కొత్త కాదు.

ఇక ఇడా ప్రెస్తీ. నా నోటు పుస్తకంలో ఈమెకు పదకొండు పేజీలున్నాయి. 1924లో పారిస్ పక్కన సురేన్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఇటలీ స్త్రీ. తండ్రే కూర్చోబెట్టి నేర్పాడు. ఎనిమిదో ఏట సభలో వాయించింది, పదో ఏట పారిస్‌లో పూర్తి కచేరీ చేసింది. పారిస్ కన్సర్వేటరీ కచేరీల సంఘమని అక్కడ చాలా పెద్ద సంస్థ. వాళ్ళు అప్పటిదాకా గిటారు వాయించేవాళ్ళెవరినీ వేదిక ఎక్కించలేదు. 1938లో మొదటిసారి ఒకరిని పిలిచారు. పిలిచింది ఈ పదమూడేళ్ళ పిల్లను.

రోడ్రిగో అని స్పెయిన్‌లో గొప్ప స్వరకర్త. మూడో ఏట కంఠసర్పి వచ్చి చూపు పోయింది. ఆయన 1939లో గిటారుకూ వాద్యబృందానికీ కలిపి 'అరన్‌హువెజ్' అనే రచన చేశాడు. ప్రపంచంలో గిటారు రచనల్లో దానికున్నంత ప్రచారం మరి దేనికీ లేదు. దాన్ని ఫ్రాన్సులో మొదటిసారి, 1948లో, వాయించింది ఇడా ప్రెస్తీ. ఆ తర్వాత ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టిన లగోయా అనే గిటారు విద్వాంసుణ్ణి పెళ్ళాడింది. భార్యాభర్తలిద్దరూ జంటగా రెండువేలకు పైగా కచేరీలు చేశారని చెబుతారు. ఆ రికార్డులు మనవరాలు నాకు వినిపించింది. ఎవరిది ఏ గిటారో పోల్చలేకపోయాను. యాభై ఏళ్ళు కాపురం చేసిన దంపతులు ఒకరి మాట ఒకరు పూర్తిచేసినట్టుంటుంది.

1967 ఏప్రిల్‌లో అమెరికా పర్యటనలో ఉండగా, రోచెస్టర్ అనే ఊళ్ళో, లోపల రక్తస్రావమై ఆమె పోయింది. వయసు నలభై రెండు. రోడ్రిగో ఆ ముందటేడు ఈ దంపతుల కోసమే 'మాద్రిగల్' అని రెండు గిటార్ల రచన పూర్తిచేసి పెట్టాడు. ఆమె దాన్ని వేదిక మీద వాయించలేదు. 1970లో రొమేరో సోదరులిద్దరు అమెరికాలో తొలిసారి వాయించారు. ఆ చేతుల కోసం రాసింది వేరే చేతులు వాయించాల్సి వచ్చింది. లగోయా కొన్నేళ్ళపాటు వేదిక ఎక్కలేదు.

ఇదే కాలంలో సముద్రానికి అవతల, అర్జెంటీనాలో మరియా లూయిసా అనిడో ఉంది. 1907లో పుట్టింది. మిగెల్ ల్యోబెత్ అనే స్పెయిన్ విద్వాంసుడి శిష్యురాలై, 1920లలో ఆ గురువుతోనే జంటగా కూర్చుని వాయించింది. ఆ రికార్డులు దొరుకుతున్నాయి. వందేళ్ళ కిందటి గరగర శబ్దం వెనక నుంచి కూడా ఆ స్పష్టత వినిపిస్తుంది. తర్వాత దేశదేశాలు తిరిగి కచేరీలు చేసింది, బ్యూనస్ అయిరిస్‌లోనూ హవానాలోనూ ఎందరికో నేర్పింది. తన దేశపు ఉత్తర ప్రాంతాల జానపద బాణీలను గిటారు రచనలుగా మలిచింది. 1996లో, ఎనభై తొమ్మిదో ఏట స్పెయిన్‌లో కన్నుమూసింది. ఆ వయసుకు మనలో ఎంతమంది చేరతామో!

ఇప్పుడు ఫ్లమెంకో దగ్గరకు వద్దాం. ఫ్లమెంకోకు ప్రాణం పోసిన జనాల్లో ముఖ్యులు అక్కడి జిప్సీలు. వాళ్ళ పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ళ కిందట మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి బయలుదేరినవాళ్ళని భాషా శాస్త్రజ్ఞులు తేల్చారు. పదిహేనో శతాబ్దంలో స్పెయిన్ చేరారు. అక్కడి అరబ్బు, యూదు, అందలూసియా బాణీలతో కలిసి ఈ కళ తయారైంది. 2010లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఫ్లమెంకోలో తాళం చూస్తే మనవాళ్ళకు సరదా పుడుతుంది. చాలా బాణీలకు పన్నెండు మాత్రల ఆవర్తనం. కానీ బరువు మన అలవాటు ప్రకారం మొదటి దెబ్బ మీద పడదు. ముఖ్యమైన కొన్ని బాణీల్లో 3, 6, 8, 10, 12 మీద పడుతుంది. ఇంటికి వెళ్ళాక తొడమీద కొట్టి చూడండి, మూడోసారికి తప్పుతారు. నేను వారం రోజులు తప్పాను. గిటారు వాయించేవాళ్ళు ఆ లెక్క తప్పకుండా, మధ్యమధ్య పలకమీద వేలితో దరువు వేస్తూ, పాడేవాళ్ళ నోరు, ఆడేవాళ్ళ కాలు చూసుకుంటూ వాయించాలి.

ఈ ఇంట్లో పనులు ఎప్పుడో పంచేసుకున్నారు. ఆడవాళ్ళు పాడాలి, ఆడాలి. గిటారు మగవాళ్ళది. కారణం ఏమిటంటే, ఆ విద్య నేర్చుకునేది బడిలో కాదు. రాత్రిళ్ళు మగవాళ్ళు చేరే కొట్లలో, గోష్ఠుల్లో, ఒకరి చేతులు ఒకరు చూసి నేర్చుకోవాలి. అక్కడ ఆడపిల్ల కూర్చోవడానికి చోటేది? చోటు లేదు కాబట్టి నేర్చుకోలేదు, నేర్చుకోలేదు కాబట్టి వాళ్ళకు చేతకాదని తీర్మానం చేశారు. ఇలాంటి ఎండార్సుమెంట్లు మన ఆఫీసుల్లో కూడా చూశాం.

నిజానికి మొదట్లో అలా లేదు. రొండా అనే కొండ ఊరిలో ఆనియా అనే జిప్సీ స్త్రీ ఉండేది. అసలు పేరు అనా అమాయా మొలీనా. 1855లో పుట్టి 1933లో పోయింది. తన పాటకు తనే గిటారు వాయించుకునేది. 20వ శతాబ్దం మొదట్లో మాడ్రిడ్‌లో అదేలా కూబాస్ అనే స్త్రీ గిటారునే వృత్తిగా పెట్టుకుని బతికింది. ఆ తర్వాత చాలాకాలం అలాంటి పేర్లు అరుదు. ఇవాళ మళ్ళీ వస్తున్నారు. కాదిజ్ ప్రాంతం నుంచి వచ్చిన ఆంటోనియా హిమెనెజ్ నాట్యానికీ పాటకీ గిటారు వాయిస్తూ, తన సొంత రచనలూ చేసింది. ఇలాంటి స్త్రీల గురించి 2014లో స్పెయిన్‌లో 'తొకావొరాస్' అని ఒక డాక్యుమెంటరీ సినిమా తీశారు. గిటారు వాయించే ఆడవాళ్ళు అని ఆ మాటకు అర్థం. బార్సిలోనాలో 2004లో మొదలైన 'లాస్ మిగాస్' అనే బృందంలో నలుగురూ ఆడవాళ్ళే. ఇద్దరు గిటార్లు, ఒకరు వయొలిన్, ఒకరు పాట.

మూడో ఇల్లు లాటిన్ అమెరికా. ఇక్కడ ఇద్దరిని తలుచుకుంటాను. చిలీ దేశంలో వియోలెటా పార్రా, 1917లో పుట్టింది. 1950లలో గిటారు పట్టుకుని పల్లెపల్లే తిరిగి, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ నోట ఉన్న పాటలు సేకరించింది. అవి అప్పటికి ఎక్కడా రాసి లేవు. మనలాంటి వయసువాళ్ళ దగ్గరకు ఎవరైనా వచ్చి 'మీకు వచ్చిన పాట పాడండి' అని అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గొప్ప పాటలతోపాటు, మాటలు లేని గిటారు రచనలు కూడా చేసింది. వాటిని ఇప్పుడు శాస్త్రీయ విద్వాంసులు వాయిస్తున్నారు. ఆమె కూడా 1967లోనే పోయింది, ఇడా ప్రెస్తీ పోయిన ఏడే.

రెండో ఆమె బ్రెజిల్‌లో రోజిన్యా. వలెన్సా అనే ఊరి పిల్ల, 1941లో పుట్టింది. ఊరి పేరే ఇంటిపేరై రోజిన్యా ద వలెన్సా అయింది. బోసా నోవా అనే బ్రెజిల్ బాణీ అప్పుడే ప్రపంచమంతా పాకుతోంది. ఆ కాలంలో 1964లో తన మొదటి రికార్డు ఇచ్చి, తర్వాత సెర్జియో మెండెస్ బృందంతో దేశాలు తిరిగింది. 1992లో గుండె ఆగినంత పనై, కోమాలోకి వెళ్ళి, పన్నెండేళ్ళు అలాగే ఉండి 2004లో కన్నుమూసింది. మంచంలో మనిషిని పెట్టుకుని ఏళ్ళ తరబడి చూసుకున్న కుటుంబాలు ఈ హాల్లో ఉన్నాయి. ఆ పన్నెండేళ్ళ లెక్క వాళ్ళకే తెలుస్తుంది.

చేతుల సంగతి కూడా చెప్పాలి. కెనడాలో లియోనా బాయిడ్ అని చాలా ప్రసిద్ధురాలు. ఆమె కుడిచేతి వేళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. ఫోకల్ డిస్టోనియా అంటారు. వేలికి దెబ్బ తగలదు, నొప్పి ఉండదు. ఏళ్ళ తరబడి ఒకే పని చేయడం వల్ల మెదడు పంపే సంకేతాలు తారుమారవుతాయి. కచేరీలు ఆపుకోవలసి వచ్చింది. కొన్నాళ్ళకు ఆమె తేలికపాటి పద్ధతిలో వాయించడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని, గొంతు కలిపి పాడుతూ తిరిగి వేదిక ఎక్కింది. మనలో సంతకం వణుకుతోందని బ్యాంకుకు వెళ్ళడం మానుకున్నవాళ్ళకు ఈ సంగతి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

ఈనాటి వాళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో షారన్ ఇస్బిన్. తొమ్మిదేళ్ళప్పుడు కుటుంబం ఇటలీలో ఉండగా, అన్నకు గిటారు పాఠాలు ఏర్పాటు చేశారు. అవి శాస్త్రీయ పాఠాలని తెలిసి అతను వద్దన్నాడు. ఆ ఖాళీలో ఈ పిల్ల కూర్చుంది. 1989లో న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో గిటారు శాఖను నెలకొల్పింది ఆమే. 2020లో మన సరోద్ విద్వాంసులు అమ్జద్ అలీ ఖాన్‌గారితో, వారి కుమారులిద్దరితో కలిసి 'స్ట్రింగ్స్ ఫర్ పీస్' అనే ఆల్బమ్ ఇచ్చింది. చైనాలో షుఫే యాంగ్, 1977లో పుట్టింది. బీజింగ్‌లోని సెంట్రల్ కన్సర్వేటరీలో గిటారు చదివి పట్టా పుచ్చుకున్న మొదటి విద్యార్థిని. క్రొయేషియాలో ఆనా విదోవిచ్, 1980లో పుట్టింది. ఐదో ఏట అన్నను చూసి మొదలుపెట్టి, పదమూడో ఏట జాగ్రెబ్ సంగీత అకాడమీలో అందరికన్నా చిన్న విద్యార్థిగా చేరింది. వేసవిలో నేను "రెండో మనిషి ఎక్కడ" అని అడిగింది ఈమె వాయించినప్పుడే.

చివరగా పరాగ్వే దేశపు బెర్తా రోహాస్. ఈమె 2022లో ఒక ఆల్బమ్ ఇచ్చింది. పేరు 'లెగాదో', అంటే వారసత్వం. నేను ఇందాక చెప్పిన ఇడా ప్రెస్తీ, మరియా లూయిసా అనిడో, ఆ ఇద్దరికీ నివాళిగా చేసిన ఆల్బమ్ అది. వాళ్ళు మంచి వాద్యకారిణులని పుస్తకాల్లో ఉంది గాని, వాళ్ళు రచనలు కూడా చేశారని చాలామంది మరిచిపోయారు. ఈమె వాళ్ళ రచనలు తీసి వాయించింది. అనిడో మీద బ్రెజిల్ స్వరకర్త సెర్జియో అస్సాద్ ఒక కొత్త రచన చేసి ఇచ్చాడు. ఆ ఏడు నవంబరులో లాటిన్ గ్రామీ బహుమతుల్లో ఉత్తమ శాస్త్రీయ ఆల్బమ్ బహుమతి 'లెగాదో'కు, ఉత్తమ శాస్త్రీయ రచన బహుమతి అనిడో మీద చేసిన రచనకు వచ్చాయి. అదే ఏడు ఉత్తమ ఫ్లమెంకో ఆల్బమ్ బహుమతి ఇందాకటి నలుగురు ఆడవాళ్ళ 'లాస్ మిగాస్'ది.

మన భాషలో చెప్పాలంటే, ఇది నోషనల్ ప్రమోషన్. జూనియర్లకు ఇచ్చి మనకు ఎగ్గొట్టిన ప్రమోషన్ మనం రిటైరయ్యాక వెనక తేదీతో వస్తుంది చూడండి, అలాంటిది. బకాయి డబ్బు రాదు, పోయిన కాలం రాదు. కానీ రికార్డు సరవుతుంది. దానికోసమే మనవాళ్ళు పదేళ్ళు తిరిగిన సందర్భాలున్నాయి. ఎందుకు తిరుగుతారో నాకు ఇప్పుడు బాగా అర్థమైంది.

ఇక మొదట్లో చెబుతానన్న కారణం.

1990లో నేను బదిలీ మీద ఒక రైల్వే జంక్షన్ ఊళ్ళో ఉన్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రైల్వే కాలనీలో ఒక గార్డుగారి భార్య పిల్లలకు గిటారు నేర్పేవారు. నెలకు నలభై రూపాయలు. మా అమ్మాయి వచ్చి, "నాన్నగారూ, నేను చేరతాను" అంది. నేను మూడు కారణాలు చెప్పాను. ఆడపిల్ల గిటారు తగిలించుకుని వీధిలో నడిస్తే బాగుండదన్నాను. అది మన సంగీతం కాదన్నాను. టైపు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందన్నాను. ఈ మాటలంటున్నప్పుడు పక్కన రేడియోలో మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ వస్తోంది. పాలకొల్లు పిల్లవాడు, ఎక్కడో ఇటలీ మాండొలిన్ మీద త్యాగరాజ కృతి వాయిస్తుంటే తల ఊపుతూ, గిటారు మనది కాదని కూతురికి చెప్పాను. వయొలిన్ మాత్రం ఎక్కడనుంచి వచ్చింది? ఆ ఆలోచన నాకు రాలేదు.

పిల్ల ఎదురు చెప్పలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది, లోయర్ ఫస్ట్ క్లాసులో పాసైంది, ఉద్యోగమూ వచ్చింది. ఆ తర్వాత నన్ను ఏదీ అడగలేదు. అడగకపోవడం బుద్ధిమంతురాలి లక్షణమని మురిసిపోయాను.

ఈ వేసవిలో ఒకరోజు మనవరాలు హాల్లో వాయించుకుంటోంది. వంటింట్లోంచి మా అమ్మాయి, "రెండో తీగె తగ్గింది, చూసుకో" అంది. మనవరాలు చూసుకుంది, నిజమే. నేను లోపలికి వెళ్ళి, "నీకెలా తెలిసిందమ్మా?" అన్నాను. అప్పుడు చెప్పింది. టైపు ఇన్‌స్టిట్యూట్ ఆ కాలనీ గేటు పక్కనే ఉండేదట. రోజూ అరగంట ముందే బయలుదేరి ఆ టీచరమ్మగారి వరండాలో నిలబడి వినేదట. ఎనిమిది నెలలు. "ఆవిడ ఒకటి రెండుసార్లు నా చేతికిచ్చారు కూడా నాన్నగారూ. మీకు చెప్పలేదు" అంది. మా ఆవిడకు తెలుసట. ముప్ఫై ఏళ్ళకు పైగా నాకు తెలియంది నేనొక్కణ్ణే.

"తప్పు చేశానమ్మా" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు దానికేం చేస్తాం నాన్నగారూ, పాలు పొంగుతున్నాయి" అని పొయ్యి వైపు తిరిగింది.

ఈ సంగతి సభలో చెప్పనా అని దాన్ని అడిగాను. "చెప్పండి, నా పేరు మాత్రం వద్దు" అంది. అందుకే పేరు చెప్పలేదు.

నేను ఒప్పుకుని ఉంటే మా అమ్మాయి పెద్ద విద్వాంసురాలయ్యేదని నేననడం లేదు. బహుశా అయ్యేది కాదు. నా బాధ అది కాదు. ఇడా ప్రెస్తీ తండ్రి కూర్చోబెట్టి నేర్పాడు. జూలియాని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని వాయించాడు. వాళ్ళ చేతుల వెనక ఒప్పుకున్న ఒక తండ్రి ఉన్నాడు. నేను కూతుర్ని ఎవరి వరండాలోనో నిలబెట్టాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు మనవరాళ్ళున్నారు. గిటారే కానక్కర్లేదు, క్రికెట్టో, కరాటేనో, మరొకటో వచ్చి అడుగుతారు. మనకు ఇప్పుడు ఫైలు నడిపే అధికారం లేదు గాని, ఇంట్లో మన మాటకు ఇంకా కాస్త విలువ ఉంది. 'రిమార్కులు లేవు' అని రాసి పంపించండి. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

మనవరాలు ఇక్కడే ఉంది. టారెగా అనే స్పెయిన్ విద్వాంసుడి 'లాగ్రిమా' అనే చిన్న రచన వాయిస్తుంది. కన్నీటి చుక్క అని అర్థం. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. సెలవులయ్యాక అది కాలేజీకి వెళ్ళినప్పుడు గిటారు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళింది, మొన్న వచ్చేసరికి తీగెలన్నీ శ్రుతిలోనే ఉన్నాయంది. నేను వివరాలు అడగలేదు.

గిటారు గొంతు చిన్నది. అందుకని కాసేపు ఫ్యాన్లు ఆపమని వాచ్‌మన్‌కు చెప్పాను. డిసెంబరే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటాను. సెల్‌ఫోన్లు కూడా దయచేసి ఆపండి.